పరికరం సక్రమంగానే పనిచేసింది

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను రాసిన రిపోర్టులు ఒక బీరువా నిండా ఉండేవి. పదవీ విరమణ రోజున వాటిని నా తర్వాత వచ్చినాయనకు అప్పజెప్పి ఇంటికి వచ్చేశాను. వాటిలో ఏం రాశానని ఇప్పుడు అడిగితే ఒక్కటీ చెప్పలేను. ఒక్క వాక్యం మాత్రం గుర్తుంది. "పరికరం సక్రమంగానే పనిచేసింది." ఆ వాక్యంలో అబద్ధం లేదు. అయినా దానివల్ల ఒక మనిషికి పని పోయింది. ల్యాబుల్లో, వర్క్‌షాపుల్లో కొత్తగా చేరుతున్న మీలాంటి వాళ్లకు ఆ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చెప్పడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

కామారెడ్డిలో ఒక కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. పాఠాలు చెప్పే ఉద్యోగం కాదు, పాఠాలు చెప్పేవాళ్ల పరికరాలు ఆగిపోకుండా చూసే ఉద్యోగం. వాటితోపాటు లెక్చరర్ల ఇళ్లలోని మిక్సీలు, ప్రిన్సిపాల్ గారి ఇన్వర్టరు కూడా నా బల్ల మీదికే వచ్చేవి. ఏది తెచ్చినా బాగుచేసి పంపేవాణ్ని. అందువల్ల నా చేతి మీద నాకు నమ్మకం కొంచెం ఎక్కువగానే ఉండేది.

పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుందనగా, జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. వాళ్లది బాన్సువాడ దగ్గర ఊరు, నిజాంసాగర్ కాలువ కింద వ్యవసాయం. ఇంట్లో మొదట డిగ్రీ దాటి చదివింది ఆమే. చేతిలో ఒక నోటు పుస్తకం, దాని నిండా పిట్టల బొమ్మలు.

"సార్, చెట్టు తొర్రల ఏం జరుగుతుందో నాకు చూడాలె. కానీ తొర్ర ముట్టుకోవద్దు, తెరవొద్దు. అట్ల చూసే మిషిన్ చేయొస్తదా?" అని అడిగింది.

ఎల్లారెడ్డి అడవిలో ముక్కు మీద చిన్న కొమ్ములాంటి బొడిపె ఉండే బూడిదరంగు పిట్టలున్నాయి. పుస్తకాల్లో హార్న్‌బిల్ అని రాస్తారు, మేం కొమ్ముపిట్ట అనే పిలుచుకున్నాం. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడపిట్ట చెట్టు తొర్రలోకి వెళ్లి, మట్టితో, తన రెట్టతో తొర్ర మూతిని గోడలా మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సన్నటి సందు మాత్రం ఉంచుతుంది. మగపిట్ట బయటినుంచి ఆ సందులోంచే తిండి అందిస్తుంది. లోపలున్నన్నాళ్లు ఆడపిట్ట రెక్కల ఈకలన్నీ రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. పిల్లలు పెద్దవయ్యేసరికి దాని ఈకలూ పెరుగుతాయి. అప్పుడే గోడ పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఆలోపు అది ఎగరలేదు.

ఇదంతా ఆ అమ్మాయి మొదటిరోజే వివరంగా చెప్పింది. నేను తలూపుతూనే విన్నాను కానీ, నా మనసు అప్పటికే కెమెరాలోకి వెళ్లిపోయింది. ఎంత చిన్నది దొరుకుతుంది, చీకట్లో బొమ్మ ఎలా వస్తుంది, వైరు ఎటునుంచి లాగాలి, ఇవే ఆలోచనలు.

కారు వెనక్కి తీసేటప్పుడు చూసుకునే చిన్న కెమెరా ఒకటి కొని పెంకు విప్పాను. లోపలి ముక్క నా బొటనవేలంత కూడా లేదు. దాని చుట్టూ కంటికి కనబడని వెలుతురునిచ్చే చిన్న దీపాలు పన్నెండు అతికించాను. మొత్తాన్నీ నీళ్ల పైపు ముక్కలో బిగించి, వెనకవైపు జిగురు పోసి మూశాను. చెట్టు కింద బైకు బ్యాటరీ, అక్కణ్నుంచి పొడవాటి వైరు, ఆ చివర టీవీ. రెండు నెలల పని. జనవరిలో ఒకరోజు ల్యాబులో బల్ల మీద పెట్టి, రెండు గంటలపాటు నడిపి చూశాను. చీకటి అట్టపెట్టెలో పెట్టిన రూపాయి బిళ్ల మీది అంకె టీవీలో స్పష్టంగా కనబడింది. లెక్చరర్లు ఒక్కొక్కరే వచ్చి చూసి భుజం తట్టి పోయారు.

ఆ పరీక్ష జనవరిలో చేశాను. పైన ఫ్యాను తిరుగుతోంది. అట్టపెట్టె మూత తెరిచే ఉంది. ఈ మూడు సంగతులూ అప్పుడు నాకు సంగతులుగా అనిపించలేదు.

తొర్ర చూపించింది గౌడన్న. ఆయన ఎల్లారెడ్డి పక్క ఊళ్లో చాలా ఏళ్లు తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. ఒకసారి తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు, అప్పట్నుంచి కుడి మోకాలు సరిగా వంగదు. ఆ తర్వాత గీత పని మానేసి, అటవీశాఖలో రోజుకూలీ కాపలా పనిలో చేరాడు. ఏ చెట్టుకు ఏ తొర్ర ఉందో, ఏ తొర్రలో ఏ పిట్ట ఉందో ఆయనకు ఇంట్లో గదుల్లా తెలుసు. ఒక పాత ఇప్పచెట్టు కింద కూర్చుని నేలమీది గింజలు ఏరి మాకు చూపించాడు.

"గివి యాపపండ్ల ఇత్తులు. పోయినేడు ఈడనే తిని, ఈడనే ఏసింది. ఈ ఏడు గూడ ఈడికే వస్తది," అన్నాడు.

పిట్ట రాకముందే, చలికాలంలోనే తొర్ర వెనకవైపునుంచి బరమాతో కన్నం వేశాం. నిచ్చెన ఎక్కి కెమెరా అమర్చింది గౌడన్నే. ఆయన మోకాలు చూసి నేను ఎక్కుతానన్నాను. "మీరు కింద నిలవడి చెప్పుండ్రి సార్, చెట్టు సంగతి నాది," అన్నాడు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆడపిట్ట లోపలికి వెళ్లి మూతి మూసుకుంది. మొదటిసారి టీవీలో దాన్ని చూసినరోజు నేను మర్చిపోలేను. ఆ పిట్టకు కంటి రెప్పల మీద వెంట్రుకలుంటాయి. అవి కూడా కనబడ్డాయి. పక్కన గౌడన్న టీవీకి దగ్గరగా వంగాడు. యాభై ఏళ్లుగా ఆ పిట్టల్ని బయటినుంచి చూసిన మనిషి లోపలి బొమ్మ చూడటం అదే మొదలు.

"ఎంత ఓపిక వెట్టిండు దేవుడు దానికి," అన్నాడు.

బ్యాటరీ ఎక్కువసేపు నిలవదని, పొద్దున ఒక పావుగంట, సాయంత్రం ఒక పావుగంట మాత్రమే కెమెరా వేయాలని నియమం పెట్టుకున్నాం. ఆ అమ్మాయి ఎల్లారెడ్డిలోనే గది తీసుకుని రోజూ రెండు పూటలా వచ్చేది. నేను ఆదివారాల్లో కామారెడ్డినుంచి బస్సులో వెళ్లేవాణ్ని. మూడు గుడ్లు పెట్టింది. రెండు పిల్లలయ్యాయి, ఒకటి మురిగిపోయింది. ఆ అమ్మాయి నోటు పుస్తకం నిండుతోంది. గౌడన్న ఆమెను బిడ్డా అని, ఆమె ఆయన్ని బాపూ అని పిలుచుకునేవాళ్లు. మేం ముగ్గురం ఆ చెట్టుకు దూరంగా కూర్చుని, ఆయన ఇంటినుంచి తెచ్చిన జొన్నరొట్టెలు పంచుకుని తినేవాళ్లం. ఉద్యోగంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు మరి లేవు.

మే నెల చివర్లో ఈ కెమెరా సంగతి పైదాకా వెళ్లింది. అటవీశాఖలో ఒక పెద్ద అధికారి స్వయంగా చూడటానికి వస్తున్నారని కబురు. చెట్టుకు దూరంగా రేకుల షెడ్డు కింద టీవీ పెట్టి, కుర్చీలు వేయించారు. పది గంటలకు వస్తారన్నారు. నేను ఎనిమిదిన్నరకే రెండు బ్యాటరీలు తగిలించి కెమెరా వేశాను. వాళ్లు వచ్చిన తర్వాత వేస్తే ఎక్కడ మొరాయిస్తుందోనని భయం. అంతకుముందు రెండుసార్లు ఆపి వేసినప్పుడు బొమ్మ రావడానికి తంటాలు పడ్డాం.

పది దాటింది. పదకొండైంది. బయలుదేరామని ఫోను, లింగంపేట దాటామని ఫోను, ఆ తర్వాత ఎల్లారెడ్డిలో భోజనం చేసి వస్తామని ఫోను. ఎండ మండిపోతోంది. టీవీలో బొమ్మ మాత్రం చక్కగా ఉంది. నేను ఆ చక్కదనమే చూస్తున్నాను.

గౌడన్న టీవీ దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"సార్, పిట్ట నోరు తెరిసే ఉంచుతున్నది. పొద్దటిసంది గట్లనే ఉన్నది. జరసేపు బంద్ చేయుండ్రి."

"వాళ్లొచ్చే టైం అయింది అన్నా. ఇప్పుడు ఆపితే మళ్లీ రాకపోతే ఎట్లా?"

"రొప్పుతున్నది సార్. లోపట ఉడుకపోస్తున్నట్టుంది."

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె టీవీ ముందుకు వచ్చి చాలాసేపు చూసింది. నోటు పుస్తకం తిరగేసింది.

"మనం మధ్యాహ్నం పూట ఎప్పుడూ చూడలేదు కదా సార్," అంది. "రోజూ ఈ టైముల గిట్లనే ఉంటదో, ఇయ్యాల్నే గిట్ల ఉన్నదో నాకు తెలుస్తలేదు."

ఆమె నిజాయితీగా తెలియదంది. ఆ తెలియకపోవడాన్ని నేను నాకు అనుకూలంగా తీసుకున్నాను. "ఎండాకాలం కదమ్మా, అన్ని పిట్టలూ నోరు తెరుస్తాయి," అన్నాను. గౌడన్న వెళ్లి చెట్టుకు కొంచెం దగ్గరగా, ఒక పొద పక్కన కూర్చున్నాడు. టీవీ వైపు మళ్లీ చూడలేదు.

రెండున్నరకు జీపులొచ్చాయి. పెద్ద అధికారి, ఆయన వెంట ఎనిమిది మందో పది మందో. కూల్‌డ్రింకులు ఇచ్చారు. అందరూ టీవీ చుట్టూ మూగారు. "ఇంత క్లియర్‌గానా!" అన్నారాయన. నా గురించి అడిగి తెలుసుకుని, కరచాలనం చేశారు. సరిగ్గా అప్పుడే టీవీలో ఆడపిట్ట లేచి నిలబడి ముక్కుతో గోడను కొట్టడం మొదలుపెట్టింది.

"చూడండి చూడండి, బయటికి వస్తోంది!" అన్నారెవరో. ఫోన్లు పైకి లేచాయి. పిట్ట ముక్కు ఆడించినప్పుడల్లా గోడ పెళ్లలు రాలుతున్నాయి. వెలుతురు లోపలికి వచ్చింది. పిట్ట తల బయటికి పెట్టింది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నా పక్కనే నిలబడ్డ ఆ అమ్మాయి మాట చాలా మెల్లగా వినబడింది.

"ఇంకా నెల ఉంది సార్. దానికి ఈకలు లేవు."

నేను తలెత్తి చెట్టు వైపు చూసేసరికి గౌడన్న కుంటుకుంటూ పరిగెత్తుతున్నాడు. పిట్ట తొర్రలోంచి బయటపడి రెక్కలు విదిల్చింది. రెక్కలంటే ఉత్త మొండి కొమ్మల్లా ఉన్నాయి. రాయిలా కిందపడింది. పడి, నేలమీద కొట్టుకుంటూ ముళ్లపొదలోకి దూరింది. గౌడన్న పొదలోకి చెయ్యి పెట్టి, తువ్వాలలో చుట్టి బయటికి తీశాడు. ఆయన చేతులు రెండూ గీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి.

నేను వెళ్లి బ్యాటరీ వైరు పీకేశాను. కెమెరా వేసిన ఆరు గంటలకు.

పిట్టను ఆ అమ్మాయికి పట్టుకోమని ఇచ్చి గౌడన్న నిచ్చెన ఎక్కాడు. వెనకనుంచి కెమెరా పైపు ఊడదీసుకుని దిగి, దాన్ని నా అరచేతిలో పెట్టాడు. వైరు పీకి అంతసేపైనా అది పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలుతోంది. నేను దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. ఆ చిన్న తొర్రలో, ఆ ఎండలో, మూత మూసిన గదిలో, ఇది పక్కన పెట్టుకుని పిట్ట పొద్దుటినుంచి కూర్చుంది.

పిట్టను హైదరాబాదు పంపిద్దామని ఒకరన్నారు. గౌడన్న పెద్ద అధికారి ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, లోపట రెండు పిల్లలున్నయ్. ఇది పోతే అవి సస్తయ్. దీన్ని మల్ల లోపట వెట్టి, నేనే మూతి మూస్త. మగది వస్తే బతుకుతయ్."

"అలా పెట్టొచ్చా? అనుమతి ఉండాలేమో," అన్నారాయన. గడియారం చూసుకున్నారు. "సరే, మీరంతా ఉన్నారుగా, చూసుకోండి." జీపులు వెళ్లిపోయాయి.

మళ్లీ నిచ్చెన. గౌడన్న పిట్టను తొర్రలోకి పంపి, తువ్వాల అడ్డంపెట్టి పట్టుకున్నాడు. కింద రాలిన గోడ పెళ్లల్ని మేం ఏరి, నీళ్లతో తడిపి, పుట్టమన్ను కలిపి ముద్దలు చేసి అందించాం. పిట్ట చేసినంత నేర్పుగా, ముక్కు పట్టేంత సందు వదిలి, ఆయన ఒక్కో ముద్దా అద్దాడు. వెనక నేను వేసిన కన్నం కూడా మట్టితోనే పూడ్చాడు. తర్వాత ముగ్గురం దూరంగా వెళ్లి పొదల చాటున పడుకున్నాం. ఇప్పుడు టీవీ లేదు. లోపల ఏం జరుగుతోందో తెలిసే దారి లేదు.

మగపిట్ట ఐదు గంటలప్పుడు వచ్చింది. ఎదురు చెట్టు మీద కూర్చుని తల అటూ ఇటూ తిప్పి చూసింది. తొర్ర దగ్గరికి వచ్చి, సందులో ముక్కు పెట్టి, తీసేసి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి ముఖం మోకాళ్లలో దాచుకుంది. మళ్లీ వచ్చింది. ఈసారి గొంతులోంచి ఒక పండు ముక్కు చివరికి తెచ్చి, సందు దగ్గర పట్టుకుని చాలాసేపు ఉంది. చివరికి సందులోంచి ఇంకో ముక్కు మొన బయటికి వచ్చి ఆ పండు అందుకుంది.

ఆ అమ్మాయి గట్టిగా ఏడ్చేసింది. గౌడన్న చేతులకు ముళ్లు గుచ్చుకున్నచోట మట్టి ఎండిపోయి ఉంది. ఆయన ఆ చేతులతోనే ఆమె తల నిమిరాడు.

ఇక్కడితో అయిపోతే ఇది పిట్ట కథగా మిగిలేది. కానీ ఆరోజు ఎవరి ఫోనులోంచో ఆ వీడియో బయటికి వెళ్లింది. మా జిల్లాలో అద్భుతం అంటూ చాలామంది పంచుకున్నారు. నాకే నలుగురు పంపారు. వారం తిరక్కుండానే పిట్టల సంగతి తెలిసినవాళ్లెవరో ప్రశ్న వేశారు. ఈ పిట్ట ఇంత ముందుగా ఎందుకు బయటికి వచ్చింది? ఎవరైనా కదిపారా? అప్పుడు పైనుంచి వివరణ అడిగారు. కెమెరా గురించి సాంకేతిక నివేదిక నన్ను రాయమన్నారు.

దాన్ని నా బల్ల దగ్గర కూర్చుని రాశాను. కెమెరా ఎన్ని గంటలకు వేశానో, బ్యాటరీ ఎంత ఉందో, బొమ్మ ఎలా వచ్చిందో అన్నీ రాశాను. చివర్లో ఆ వాక్యం రాశాను. వేడి గురించి ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "సార్, వేడి సంగతి రాసిండ్రా?" అని అడిగింది.

"కొలిచి చూడనిది ఎట్లా రాస్తామమ్మా? రుజువు లేదు కదా," అన్నాను.

నా అరచేయి కాలిన సంగతి నాకు తెలుసు. ఆమెకు తెలుసు. "సరే సార్," అని పెట్టేసింది. ఆమె పరిశోధన అనుమతులు కూడా ఆ ఫైలులోనే ఉన్నాయి. ఆ వయసులో, ఆ పరిస్థితిలో ఆమె మౌనాన్ని నేను తప్పుపట్టను. నాకు ఆ సాకు కూడా లేదు.

రెండు వారాల తర్వాత ఆదివారం ఎల్లారెడ్డి వెళ్తే చెట్టు దగ్గర కొత్త మనిషి కాపలా ఉన్నాడు. గౌడన్న ఏడని అడిగాను. అనుమతి లేకుండా పిట్టను పట్టుకున్నాడని, గూడు ముట్టుకున్నాడని పనిలోంచి తీసేశారట. కెమెరాలో లోపం లేదని నివేదిక వచ్చింది కాబట్టి, లోపం మనిషిదే అయివుండాలి. అది వాళ్ల లెక్క. ఆ లెక్కకు కాగితం నేనే ఇచ్చాను.

నడిచి ఆయన ఊరికి వెళ్లాను. ఇంటి ముందు ఆయన భార్య చింతపండు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది.

"తాళ్లల్లకు పోయిండు సార్. మల్ల గీత పని వట్టిండు," అంది. "గప్పుడు పడ్డసంది ఇగ ఎక్కనని నా మీద ఒట్టు వెట్టిండు. ఇప్పుడు అడిగితె, ఇంకేం జెయ్యాలె నువ్వే చెప్పు అంటడు. నేనేం జెప్పుదు?"

తాటివనం ఊరి బయటే. దూరంనుంచే కనబడ్డాడు. నడుముకు మోకు కట్టుకుని, చెట్టు నడిమధ్యన ఉన్నాడు. ఎడమకాలు పైకి పెట్టి, కుడికాలిని చేత్తో సర్దుకుని, మళ్లీ ఎడమకాలు పైకి. ఒక్కో అడుగుకూ ఆగుతున్నాడు. నేను కింద నిలబడి తలెత్తి చూస్తున్నాను. పిలిస్తే కిందికి చూస్తాడని పిలవలేదు. ఆయన పైకెక్కి, గీసి, కుండ మార్చి, దిగివచ్చేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు.

దిగి నన్ను చూసి, "ఎప్పుడొచ్చిండ్రు సార్? పిట్ట మంచిగున్నదా?" అని అడిగాడు. మొదటిమాట అదే.

తొర్రలోంచి ఒక్క పిల్ల గొంతే వినబడుతోందని, రెండోది చనిపోయినట్టేనని, తల్లి తిండి అందుకుంటోందని చెప్పాను. తలూపాడు. అప్పుడు నేను రాసిన నివేదిక గురించి చెప్పాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

"మీరు రాసింది అబద్ధం కాదు గద సార్," అన్నాడు మోకు విప్పుకుంటూ. "మిషిన్ మంచిగనే పనిచేసింది. పిట్టకే మంచిగ లేకుండె."

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నదున్నట్టు అన్నాడు. అందుకే ఆ మాట ఇంకా నాలో ఉండిపోయింది.

మర్నాడు సెలవు పెట్టాను. వానలు ఇంకా పడలేదు, ఎండలు అలాగే ఉన్నాయి. కట్టెల అడితినుంచి లోపల బోలుగా ఉన్న ఇప్ప మొద్దులు రెండు తెచ్చి, మా ఇంటి పెరట్లో ఒకే ఎండలో, ఒకే నీడలో పక్కపక్కన నిలబెట్టాను. ఒకదాంట్లో అదే కెమెరా, రెండోదాంట్లో ఏమీ లేదు. రెండింటిలోనూ అంకె బయట కనబడేలా థర్మామీటర్లు పెట్టి, మూతులు మట్టితో మూశాను. ఎనిమిదిన్నరకు కెమెరా వేశాను. ఆ అమ్మాయిని రమ్మన్నాను. అరగంటకోసారి ఆమె అంకెలు రాసుకుంది. మధ్యాహ్నానికి రెండింటి మధ్య తేడా చూసి ఆమె ఆ అంకెల కింద గీత గీసింది. రెండున్నరకు మట్టి తీసి కెమెరా ఉన్న మొద్దులో చెయ్యి పెట్టాను. ఉంచలేకపోయాను. జనవరిలో ఒక్కరోజు, ఫ్యాను ఆపి చేయాల్సిన పరీక్ష ఇది.

రెండో నివేదిక రాశాను. ఆ అమ్మాయి కూడా సంతకం పెడతానంది. వద్దన్నాను. "లేదు సార్, ఆ దినం నేను గూడ చూసుకుంట నిలవడ్డ," అని పెట్టింది. తప్పు పరికరానిదని, పరికరం చేసినవాడిదని, ముందే హెచ్చరించినవాడు గౌడన్నేనని, పిట్టను తిరిగి లోపల పెట్టడంవల్లే తల్లీ ఒక పిల్లా బతికాయని రాశాం. ఆ కాగితం తీసుకుని నేనే అటవీశాఖ ఆఫీసుకు వెళ్లాను.

అక్కడి అధికారి చదివి కళ్లజోడు తీశారు. "ఫైలు మూసేశామండీ. ఇప్పుడు తెరిస్తే ఇబ్బంది మీకే. మీ సర్వీసు ఇంకెన్నాళ్లుంది?"

"నాలుగేళ్ల లోపే సార్. తెరవండి."

తెరిచారు. నాకు మెమో వచ్చింది. అది నా సర్వీసు పుస్తకంలో చివరిదాకా ఉంది. పరిశోధన అనుమతి ఒక ఏడాది ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆ ఏడాది పోగొట్టుకుంది. గౌడన్నను తిరిగి పనిలోకి పిలవడానికి వానాకాలం మొత్తం పట్టింది. అన్ని నెలలూ ఆయన తాళ్లెక్కాడు. తడిసిన తాటిచెట్టు ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. వాన పడ్డ ప్రతిరోజూ నేను ల్యాబు కిటికీ దగ్గర నిలబడి ఆయన గురించే ఆలోచించాను. ఆయన పడలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు.

జూలై మొదట్లో తల్లీ పిల్లా ఎగిరిపోయాయని ఆ అమ్మాయి చెప్పింది. ఆ ఇప్పచెట్టుకు పిట్టలు మళ్లీ రాలేదు.

తర్వాతి ఏడు రెండో కెమెరా చేశాను. వేడెక్కే భాగాలన్నీ చెట్టు బయటే ఉంచాను. దీపాలు పది సెకన్లు వెలిగి ఆరిపోతాయి. లోపల థర్మామీటరు ఉంటుంది, హద్దు దాటితే కరెంటు దానంతటదే పోతుంది. ఈసారి ఏప్రిల్ ఎండలో, మూసిన మొద్దులో, పొద్దున్నుంచి సాయంత్రందాకా పది రోజులు పరీక్షించాను. అనుమతి తిరిగొచ్చాక, ఆ చలికాలంలో ఎల్లారెడ్డి తీసుకెళ్లి గౌడన్నకు చూపించాను. ఆయన తిప్పి తిప్పి చూశాడు. దీపాలు చూశాడు, వైర్లు చూశాడు.

"అన్నీ మంచిగనే ఉన్నయ్ సార్. దీన్ని నేను బంద్ చెయ్యాల్నంటె ఎట్ల?" అని అడిగాడు.

"అవసరం లేదన్నా, దానంతటదే ఆగుతుంది."

"ఆగకపోతె?"

ఆ రోజే బస్సెక్కి వెనక్కి వచ్చాను. చెట్టు మొదట్లో ఉండేలా ఒక మామూలు స్విచ్చు పెట్టాను, ఇళ్లలో ఉండేలాంటిది, ముసలి వేళ్లకు అందేంత పెద్దది. వాడే విధానం రాసిన కాగితంలో మొట్టమొదటి వాక్యంగా ఇది రాశాను: కాపలా మనిషి ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానైనా దీన్ని ఆపవచ్చు. దానికి ఆ అమ్మాయి, నేను, ఆఫీసువాళ్లు సంతకాలు చేశాం. ఆఫీసువాళ్ల సంతకం కోసం నేను నాలుగుసార్లు తిరిగాను.

ఆ తర్వాత వచ్చిన మే నెలలో మళ్లీ పెద్దవాళ్లు వచ్చారు. ఈసారి ఒక మద్దిచెట్టు, ఇంకో జంట. షెడ్డు కింద కుర్చీలు, టీవీ. అందరూ కూర్చున్నారు. ఆడపిట్ట కనబడింది, దాని కింద రెండు పిల్లలు నోళ్లు తెరిచి ఊగుతున్నాయి. ముందు వరుసలో ఉన్నాయన ఫోను పైకెత్తేలోపు బొమ్మ పోయింది. టీవీ నల్లగా అయిపోయింది.

"ఏమైందండీ?" అన్నారాయన నా వైపు తిరిగి.

దూరంగా మద్దిచెట్టు మొదట్లో గౌడన్న నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి స్విచ్చు మీద ఉంది. మా వైపు చూడటం లేదు, పైకి తొర్ర వైపు చూస్తున్నాడు.

"ఏమీ కాలేదు సార్," అన్నాను. "ఈ పూటకు చాలన్నారు. సాయంత్రం మళ్లీ చూద్దాం."

"ఎవరన్నారు?"

నేను చెయ్యెత్తి చూపించాను.